పాపా, ఆ 'విల్' మింగనివ్వకు

చిరంజీవి పాపకు,

ఆదోని నుంచి చిన్నాయన ఆశీస్సులు. పదో తరగతికి పోయే పిల్లలకు ఇంట్లోనే ఇంగ్లీషు ట్యూషన్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పటి నుంచి వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, టెన్సులు ఎట్లా చెప్తావో అని.

పట్టికలు నీకు తెలిసినవే. రోజూ జరిగేదానికి 'గో', అయిపోయినదానికి 'వెంట్', జరగబోయేదానికి 'విల్ గో'. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది అని మనిషికో తోక తగిలించే మన పిల్లలు 'హీ గోస్'లో ఒక్క 'ఎస్' దగ్గర ఎందుకు జారిపడతారో నాకిప్పటికీ అర్థం కాదు. 'డిడ్ నాట్ వెంట్' అన్నారంటే అక్కడే ఆపు. కాలం బరువు 'డిడ్' మోస్తుంటే మళ్ళీ 'వెంట్' ఎందుకు? 'గో' చాలు.

నా భయమంతా 'విల్' మీద. రోజూ పాలు తెస్తాడు, రేపు పాలు తెస్తాడు. మనకు రెంటికీ ఒకటే 'తెస్తాడు'. ఇంగ్లీషులో మొదటిది 'బ్రింగ్స్', రెండోది 'విల్ బ్రింగ్'. ఆ 'విల్'ను మనవాళ్ళు ఇట్టే మింగేస్తారు. నేనూ మింగాను.

ఇరవై ఏళ్ళప్పుడు ఇక్కడే ఒక పత్తి మండీలో గుమాస్తాను. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, తలెగరేసేవాణ్ణి. ఒక శుక్రవారం సావుకారు పిలిచి, 'సోమవారం యాభై బేళ్ళు పంపుతామని బొంబాయికి టెలిగ్రాం కొట్టు' అన్నాడు. (ఫోన్లో ఉండే టెలిగ్రాం కాదు, 2013లో ఎత్తేసిన తంతి.) దానికి మాటల లెక్కన డబ్బు. 'వి విల్ సెండ్' మూడు మాటలు, 'సెంట్' అంటే ఒకటే. ఎలాగూ 'మండే' అని రాస్తున్నాం కదా, అర్థమవుతుందిలే అనుకున్నా. 'సెంట్ ఫిఫ్టీ బేల్స్ మండే.' ఫారం మీద ముత్యాల్లాంటి అక్షరాలు. బొంబాయివాళ్ళేమో మేం పోయిన సోమవారమే పంపేశామనుకున్నారు. సరుకు రైల్లో వస్తోందని నమ్మి ఒక మిల్లుకు మాటిచ్చేశారు. గూడ్స్ షెడ్డు చుట్టూ మనిషిని రెండు రోజులు తిప్పారు. ఆ తర్వాత ట్రంక్‌కాల్ వచ్చింది. సావుకారు నన్ను తిట్టలేదు. నేను రాసుకున్న కాపీ నా ముందు పెట్టి 'చదువు' అన్నాడంతే. ఆ పార్టీ మళ్ళీ మా దగ్గర పత్తి కొనలేదు. మిగిల్చిన రెండు మాటల డబ్బు కూడా నా జేబులోకి రాలేదు పాపా, అది సావుకారుదే.

అందుకే పిల్లల చేత ముందు ఎప్పుడో చెప్పించు. ఎవ్రీ డేనా, యెస్టర్‌డేనా, టుమారోనా? ఆ తర్వాతే క్రియ. 'పుట్', 'కట్' గతంలోనూ మారవు, 'రీడ్' రాత మారకుండా 'రెడ్' అని పలుకుతుంది. ఇవి ఒక పూట పని.

తప్పు చెప్పినవాణ్ణి చూసి ఎవరినీ నవ్వనివ్వకు. చిన్నప్పుడు నువ్వు నా ఒళ్ళో కూర్చుని 'ఐ ఈటెడ్ ఉగ్గాని' అంటే అందరికంటే ముందు నేనే నవ్వాను. వారం రోజులు నాతో ఇంగ్లీషు మాట్లాడలేదు నువ్వు. గుర్తుందా? నాకుంది.

ఎండలు మండుతున్నాయి, పిల్లలను పొద్దున్నే రమ్మను. ఫీజు అడగడానికి మొహమాటపడకు. ఆదివారం నల్లబల్ల తెస్తా. ఈ 'తెస్తా' విల్ ఉన్నదే.

మీ చిన్నాయన