మీ డబ్బు మీకే చదివించిన అన్నయ్య

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. అమలాపురం దగ్గర పల్లెటూరు. పదిహేనేళ్లుగా ఫ్రీలాన్స్ జర్నలిస్టుగా నాటకాలు, జానపద కళలు, తీర్థాలు, పుస్తకాల మీద రాస్తున్నాను. మొన్న కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థం (అలంకరించిన ఎత్తైన ప్రభల మీద దేవుళ్లని మోసుకొచ్చే జాతర) గురించి రాయడానికి కౌశిక కాలవలో నడుం లోతు నీళ్లలో గంటసేపు నిలబడ్డాను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇల్లు తన జీతం మీదే నడుస్తోంది. అమ్మాయి ఇంటర్ ఫీజుకి గాజులు తాకట్టు పెట్టి 20 వేలు తెచ్చింది. ఆ తర్వాత ఒక పెళ్లిలో ఎవరో అడిగితే ‘మా ఆయన ఏం చేస్తారో నాకే తెలీదండి’ అనేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బు రావలసింది లేక కాదు. ఒక్క పత్రిక నుంచే 14 వ్యాసాలకి, ఒక్కోదానికి 1,500 చొప్పున రావాలి. మొదటిది రెండున్నరేళ్ల కిందటిది. కానీ ఆ ఎడిటర్ గారు నాకు సొంత అన్నయ్య కంటే ఎక్కువ. మా నాన్న పోయాక ఆయనే పెద్దదిక్కు. అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వచ్చి వెయ్యినూటపదహార్లు చదివించారు. ఆయన్ని డబ్బెలా అడగను? నా పని విలువ మా ఆవిడకి ఎలా నచ్చజెప్పాలో చెప్పండి.
- పేరు రాయవద్దు

జవాబు: మీ ఆవిడకి నచ్చజెప్పాల్సింది ఏమీ లేదు. కనుమనాడు నడుం దాకా బురదతో ఇంటికొచ్చారు కదా, ఆ ప్యాంటు ఎవరు ఉతికారు? పదిహేనేళ్లు జీతం లేని మనిషితో కాపురం చేస్తూ, గాజులు తీసిచ్చిన ఇల్లాలికి మీ పని విలువ తెలీదనుకోవడం అన్యాయం. ఆవిడకి తెలీనిది ఒక్కటే, ఆ పనికి ఎంత రావాలి, ఎవరివ్వాలి అన్నది. అది మీరు చెప్పలేదు. పెళ్లిలో ఆవిడ అన్నమాట నిజమే.

నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరంలోని ఆ ‘అన్నయ్య’.

పద్నాలుగు వ్యాసాలకి 21 వేలు. గాజుల మీద తెచ్చింది 20 వేలు. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద మీరే రాశారు. అన్నయ్య గారు సకాలంలో ఇచ్చి ఉంటే ఆ గాజులు ఆవిడ చేతికే ఉండేవి. ఓణీల ఫంక్షన్‌కి చదివించిన వెయ్యినూటపదహార్లు గొప్పగా చెప్పుకున్నారు. ఆయన మీకు 21 వేలు బాకీ ఉండి, మీ డబ్బులోంచి కొంత తీసి మీకే చదివించారు.

చిన్న పత్రికల కష్టం నాకు తెలుసు. 2020 కరోనా దెబ్బకి ప్రకటనలు పడిపోయాయి, ఆదివారం అనుబంధాలు పేజీలు తగ్గించుకున్నాయి, కొన్ని పత్రికలు అచ్చు ఆపేశాయి. నిజమే. కానీ ప్రెస్సుకి డబ్బు కట్టకుండా పత్రిక అచ్చవుతుందా? కాగితం అప్పు ఏళ్ల తరబడి ఆగుతుందా? పోస్టాఫీసు వాళ్లు ‘చూద్దాంలెండి’ అంటే ఊరుకుంటారా? ‘చూద్దాం’ అన్న మాట రాసినవాడికి మాత్రమే వినబడుతుంది. ఎందుకంటే వాడు తమ్ముడు.

మా పిన్ని నరసాపురం దగ్గర లేసు అల్లేది. అదే 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నరసాపురం లేసు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, అల్లిన ముక్కలు పట్టుకెళ్లేవాడు. ఇంట్లో అందరూ ‘ఊరికే కూర్చోకుండా ఏదో అల్లుకుంటోంది’ అనేవాళ్లు. ఆ ఏజెంటూ ‘అక్కా’ అనే పిలిచేవాడు. పిన్ని మంచినీళ్లిచ్చేది, కాఫీ ఇచ్చేది. పాత లెక్క తేలందే కొత్త ముక్క మాత్రం చేతికిచ్చేది కాదు. ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఏజెంటుతో వరస తప్పలేదు, డబ్బూ ఆగలేదు.

మీరు ఇంట్లో ఆవిడ జీతం మీద ఆధారపడగలుగుతున్నారు. బయట మీ కష్టార్జితం అడగలేకపోతున్నారు. దీన్ని మీరు మర్యాద అంటున్నారు. నాన్న లేని చోట పెద్దదిక్కు కావాలనిపించడం సహజం, నేనేమీ అనను. ఆ లోటుకి ధర మాత్రం మీ భార్యాబిడ్డలు కడుతున్నారు.

పని తక్కువదని చిన్నబుచ్చుకోకండి. ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ల శివుళ్లు, ఒక్కచోట చేరే ఆ జగ్గన్నతోట తీర్థం 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటంగా వెళ్లింది. టీవీలో చూసినవాళ్లకి రంగుల ప్రభ కనబడింది. ప్రభని భుజాల మీద మోస్తూ, పచ్చటి చేలోంచి, కాలవ నీళ్లలోంచి నడిచే మనుషులు కనబడాలంటే మీలాంటివాళ్లు అక్కడ నిలబడి రాయాలి. ఆ పనికి పదిహేనువందలు ఇవ్వడమే తక్కువ. అదీ రాకపోతే ఎలా?

ఈ రాత్రి భోజనాలయ్యాక ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని జాబితా రాయండి. వ్యాసం పేరు, అచ్చయిన తేదీ, మాట్లాడుకున్న మొత్తం. పద్నాలుగూ రాయండి. ఆవిడ చేత రాయిస్తే ఇంకా మంచిది, లెక్కలు మీకంటే ఆవిడకే బాగా వచ్చని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. దాన్నే బిల్లుగా మెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ పంపండి. పైన ‘అన్నయ్యా’ అని కాకుండా ‘సంపాదకులు గారికి’ అని రాయండి. ఆయన ‘ఇస్తాను’ అని జవాబు పెడితే ఆ మెసేజ్ జాగ్రత్త చేయండి. బాకీ తీరేదాకా పదిహేనో వ్యాసం వద్దు. కోపం తెచ్చుకుని దూరమైతే కానివ్వండి. నిజంగా అన్నయ్యే అయితే సిగ్గుపడి డబ్బిచ్చి, మీ ఇంటికొచ్చి భోంచేసి వెళ్తారు.

ఇంకో మాట. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, పత్రికలో ఉద్యోగి కాని రచయిత కాగితం మీద రాసిస్తే తప్ప వ్యాసం మీద హక్కు పత్రికకి పోదు. మీరు ఏదీ రాసివ్వకపోతే ఆ పద్నాలుగూ మీవే. పుస్తకంగా వేసుకోవచ్చు, ఆయన్ని అడగక్కర్లేదు.

మొహమాటం మాత్రం ఇక పొడిగించకండి. చేసిన పనికి రావలసిన సొమ్ము కోసం కోర్టుకి వెళ్లడానికి చట్టం ఇచ్చే గడువు మామూలుగా మూడేళ్లే. అంతవరకూ వెళ్తుందని కాదు. కానీ మీ మొదటి వ్యాసానికి ఇంకా ఆరు నెలలే మిగిలాయి. ఈ ఆదివారం దాటకుండా బిల్లు పంపండి. డబ్బు రాగానే ముందు తాకట్టు కొట్టుకి వెళ్లండి, ఆవిడతో కలిసి.