పుల్లల కట్టలో లెక్క ఉంది

ప్రశ్న: మా బాబు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి. నోటుపుస్తకంలో రాత తక్కువ. బడిలో పుల్లలతో, చింతగింజలతో ఆడిస్తున్నారంటాడు. చదువు సాగుతున్నట్టేనా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: సాగుతున్నట్టే. పది పుల్లలను రబ్బరుబ్యాండుతో కట్టగా కట్టి, 34 అంటే మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు అని చూపించిన తర్వాత, అందులోంచి ఎనిమిది తీయమంటే పిల్లవాడు ఒక కట్ట విప్పక తప్పదు. మనం అర్థం తెలియకుండానే ‘పక్కనుంచి ఒకటి అప్పు’ అని వల్లె వేసిన లెక్క ఇదే. తెలంగాణలో ఒకటి నుంచి ఐదు తరగతులకు 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ఉద్దేశమూ పిల్లలు ధారాళంగా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) నేర్చుకోవడమే.

అయితే రాత బొత్తిగా లేకపోతే మాత్రం ఉపాధ్యాయులను అడగవలసిందే. సాయంత్రం “ఏం రాశావు?” అనడానికి బదులు ఇంట్లోని చీపురు పుల్లలతోనే 42లోంచి 7 తీసి చూపించమనండి. బడి సంగతులు ఎప్పటికప్పుడు తెలియాలంటే యాజమాన్య కమిటీ సమావేశాల గురించి వాకబు చేయండి; 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి.