రాజోలు కంట్రిబ్యూటరుకు ఒక ఉత్తరం: యుద్ధం, పీఆర్‌వో, నీ కాపీ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. యుద్ధం వస్తే రాజోల్లో కూర్చుని పేపరుకి వార్తలు పంపే కంట్రిబ్యూటరుకి మిలిటరీ పీఆర్‌వోతో, అంటే ప్రజాసంబంధాల అధికారితో, పనేముంటుంది బాబాయ్ అని అడిగావు. ఉంటుందమ్మా. తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే పిలవరు, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. సరిహద్దులో కాల్పులు జరిగిన రాత్రి ఫోను మోగేది ఇలాంటి ఊళ్లలోనే. సముద్రం వైపు నుంచీ మనకు నిశ్చింత లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులేశాయి. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో సంగతి ఆఖర్న చెప్తాను.

ముందు ఎవరు ఎవరో తెలుసుకో. రక్షణ శాఖ కింద ప్రజాసంబంధాల డైరెక్టరేట్ ఉంది. మనం డిఫెన్స్ పీఆర్‌వో అని పిలిచేది దాని మనిషినే. తూర్పు నౌకాదళం విశాఖలో ఉంది కాబట్టి మనకు దగ్గర అదే. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ మాత్రం హోం శాఖవి, వాళ్ల పీఆర్‌వోలు వేరు. సీఆర్‌పీఎఫ్ జవాను గురించి డిఫెన్స్ పీఆర్‌వోకి ఫోన్ చేస్తే ఆయన మర్యాదగానే జవాబు చెప్తాడు. నీకు అరగంట పోతుంది, నీకు పని తెలియదన్న సంగతి ఆయనకు తెలుస్తుంది. హోదాలూ అంతే. నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీలో కల్నల్‌తో సమానం. ఆర్మీ కెప్టెన్ ఇంకా కుర్రాడు. సుబేదార్ జేసీవో, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, ఆయన్ని జవాను అని రాస్తే ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. నౌకాదళంలో ఉండేది నావికుడు, జవాను కాదు. మన పేపర్లు అందరినీ ఒకే గాటన కట్టేస్తాయి, నువ్వు కట్టకు.

పీఆర్‌వోకి అంతా తెలుసు, కావాలని దాస్తున్నాడు అనుకోకు. చాలాసార్లు నీకు చెప్పే క్షణానికి ఆయనకూ తెలియదు. ఆపరేషన్ నడిపేవాళ్లు ఒక్కో వాక్యం చూసి సరేనంటేనే ఆయన నోటికి వస్తుంది. పెద్ద యుద్ధమైతే మాటంతా ఢిల్లీకే పోతుంది. 1999 కార్గిల్ అప్పుడు రోజువారీ బ్రీఫింగ్‌లో సైన్యం తరఫున కల్నల్ బిక్రమ్ సింగ్, వాయుసేన తరఫున ఎయిర్ కమొడోర్ సుభాష్ భోజ్వానీ, విదేశాంగ శాఖ తరఫున రమీందర్ జస్సల్ మాట్లాడేవారు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ గురించి చెప్పింది విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ, కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్. ముగ్గురు చెప్పినా మాట ఒక్కటే ఉండాలని ఆ ఏర్పాటు. అందుకని విశాఖ పీఆర్‌వో "ఢిల్లీ బ్రీఫింగ్ చూసుకోండి" అంటే తప్పించుకుంటున్నాడని కాదు, అంతకుమించి చెప్పే అధికారం ఆయనకు లేదని. ఆయన చెప్పగలిగినవే అడుగు. పేరు స్పెల్లింగ్, హోదా, పార్థివదేహం ఏ ఎయిర్‌పోర్టుకి ఎప్పుడొస్తుంది, ఫోటో ఎవరిస్తారు. నీ పేజీ ప్రింటుకి ఎన్నింటికి వెళ్లిపోతుందో మాత్రం నువ్వే చెప్పాలి, ఆయనకు తెలియదు.

ఇక అసలు విషయం, సంఖ్య. గోదావరి వరద రాసేటప్పుడు ఏం చేస్తావు? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అడుగులతో పాటు ఎన్ని గంటలకో కూడా రాస్తావు. ఎందుకంటే పొద్దున ఆరింటి మట్టం మధ్యాహ్నానికి అబద్ధమైపోతుంది. యుద్ధంలో సంఖ్య కూడా అంతే. "ఇద్దరు చనిపోయారు" అన్నది ఆ బ్రీఫింగ్ వేళకు ఆయన చేతిలో ఉన్న లెక్క. పక్కన టైమ్ లేకపోతే రేపు అది నలుగురైనప్పుడు పీఆర్‌వో అబద్ధమాడినట్టూ కనిపిస్తుంది, నువ్వు తప్పు రాసినట్టూ కనిపిస్తుంది.

పీఆర్‌వో పంపే హ్యాండౌట్‌లో, అంటే పత్రికా ప్రకటనలో, ఒక వాక్యం ఊహించుకో. "నిన్న రాత్రి కవ్వింపు కాల్పులకు మన బలగాలు దీటుగా బదులిచ్చాయి. ఈ ఘటనలో ఒక జవాను ప్రాణాలర్పించారు." ఇందులో తేలినవి కాల్పులు జరగడం, ఒక మరణం, అంతే. "దీటుగా" అన్నదాని వెనక అవతలి నష్టం ఎంతో లేదు. ఎన్నింటికో లేదు. ఏ సెక్టారో లేదు. గాయపడినవాళ్లు ఉన్నారో లేదో లేదు. ఇదే డెస్కుకి వెళ్లాక హెడ్డింగు "శత్రువు చిత్తు చిత్తు" అవుతుంది. చిత్తయ్యారని ఎవరూ చెప్పలేదమ్మా. నువ్వు రాయాల్సింది: కాల్పులు జరిగాయని, ఒక జవాను మరణించారని సైన్యం ఫలానా రోజు ఫలానా గంటకు ప్రకటించింది, అవతలి నష్టం గురించి ఏమీ చెప్పలేదు. ఆ ఆఖరి ముక్క మానొద్దు. చెప్పనిదాన్ని చెప్పలేదు అని రాయడం కూడా వార్తే. ఆ ఖాళీ చూసి చెయ్యి దురద పెడుతుంది, పక్క ఛానెల్ ఏదో ఒకటి నింపేసి ఉంటుంది. నింపకు.

ఖాళీకి కారణాలుంటాయి. 1971లో విశాఖ బయట పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ మునిగింది డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక. మన నేవీ ప్రకటించింది 9న. మన విమానవాహక నౌక విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించే ఎత్తు అప్పటికి నడుస్తోంది. పైగా డైవర్లు దిగి మునిగిన నౌక ఏదో తేల్చుకోవాలి. ఎలా మునిగిందన్నదాని మీద రెండు దేశాల మాట ఇప్పటికీ కలవదు: మనం వేసిన డెప్త్ చార్జీలకని (నీళ్లలో పేలే బాంబులకని) మనం, లోపలి పేలుడుకని వాళ్లు. నిన్నమొన్నటి ఉదాహరణ కావాలంటే 2025 మే 11 చూడు. విమానాలు పోయాయా అని అడిగితే ఎయిర్ మార్షల్ ఏకే భారతి యుద్ధంలో నష్టాలు మామూలేనన్నారు, పైలట్లందరూ ఇంటికి చేరారన్నారు, సంఖ్య మాత్రం చెప్పలేదు. విమానాలు పోయిన మాట నిజమేనని అప్పటి సీడీఎస్ (త్రివిధ దళాల అధిపతి) జనరల్ అనిల్ చౌహాన్ సింగపూర్‌లో అన్నది మే 31న, అప్పుడూ సంఖ్య లేదు. మే 11న ఏమీ పోలేదని రాసినవాళ్లూ తప్పే, ఇన్ని పోయాయని రాసినవాళ్లూ తప్పే.

ఆంక్షలోనూ నిజం చెప్పే దారి ఉంటుంది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో ఎన్ని హ్యారియర్ విమానాలు వెళ్లాయో చెప్పడానికి బీబీసీ విలేకరి బ్రయన్ హన్రహన్‌కు అనుమతి లేదు. వెళ్లేటప్పుడు లెక్కపెట్టాను, తిరిగొచ్చేటప్పుడూ లెక్కపెట్టాను, అన్నీ వచ్చాయి అని చెప్పాడు. రహస్యం రహస్యంగానే ఉంది, ఒక్కటీ కూలలేదని అందరికీ తెలిసింది. అదే యుద్ధంలో గూస్ గ్రీన్ మీద దాడి జరగబోతోందని బీబీసీ ముందే చెప్పేసింది, అదీ సైనికులు ఇంకా దాడికి దిగకముందే. ఆ కబురు పొక్కింది లండన్‌లోనే. లీకు ఎవరిదైనా నష్టం ముందువరసలో ఉన్నవాడిది. జరిగిపోయినదానికీ జరగబోయేదానికీ తేడా అక్కడుంది: రెండోదాని జోలికి వెళ్లకు.

పీఆర్‌వోతో మాట మొదలుపెట్టకముందే ఇది ఆన్ రికార్డా (పేరుతో రాయొచ్చా), పేరు లేకుండానా, ఆఫ్ ది రికార్డా (అసలు రాయకూడదా) అని అడిగేసెయ్. మాట అయ్యాక అడిగితే లాభం లేదు. ఎంబార్గో, అంటే ఫలానా టైమ్ దాకా వేయొద్దన్న షరతు, ఉంటే కాపీ పైన, హెడ్డింగు కంటే ముందు, "సాయంత్రం 6 దాకా వాడరాదు, వెబ్‌సైటుకూ వర్తిస్తుంది" అని రాయి. వెబ్‌సైటు మాట ఎందుకంటే, పేపరు పేజీ ఆగుతుంది, డిజిటల్ డెస్కులో కుర్రాడు ఆగడు. ఎంబార్గో ఒక్కసారి తప్పితే మళ్లీసారి ఆ ఫోన్ నీకు రాదు.

నీకు తప్పకుండా ఎదురయ్యేది మరణవార్త. రాత్రి పదింటికి ఎవరో వాట్సాప్‌లో ఫోటో పెడతారు, మలికిపురం కుర్రాడట అని. వెంటనే ఆ ఇంటికి బండేసుకుని వెళ్లకు, సర్పంచికీ ఫోన్ చెయ్యకు. ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్నో పీఆర్‌వోనో ఒకే ప్రశ్న అడుగు: ఇంట్లోవాళ్లకు చెప్పారా? ఇంట్లోవాళ్లంటే ఎవరో కూడా అడుగు. సైన్యం కాగితాల్లో ముందున్న పేరు భార్యదైతే, ఆవిడ పురిటికి పుట్టింట్లో ఉంటుంది, తల్లిదండ్రులు ఇక్కడుంటారు. వీళ్లకు తెలిసి ఆవిడకు తెలియని గంట ఒకటి ఉంటుంది. ఆ గంటలో నీ స్క్రోలింగు వెళ్లకూడదు. అమెరికా సైన్యమైతే ఇంట్లోవాళ్లకు చెప్పాక 24 గంటలదాకా పేరు బయటపెట్టదు. మన దగ్గర అంత ఆగరు, కనీసం ఆవిడకు తెలిసిందాకా ఆగు.

తర్వాత ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకుముందు చేరినవాళ్ల సర్వీసు కాగితాల్లో పాత జిల్లా పేరే ఉండొచ్చు. రిలీజులో "తూర్పు గోదావరి" అని ఉంటే అది రాజమండ్రి కేంద్రంగా ఉన్న ఇప్పటి తూర్పు గోదావరో, కాకినాడో, కోనసీమో, ఇంకోటో తేల్చుకోవాలి. కొత్తపేట అనే పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లిషు రిలీజులోంచి పేరు తెలుగులోకి తెచ్చేటప్పుడు ఊహించకు. ఇంటిపేరు ఆఖర్న పడి ఉంటుంది, దీర్ఘాలు ఎక్కడో తెలియదు. బంధువులెవరినైనా ఆధార్ కార్డు తెలుగు వైపు చూసి చెప్పమను.

"వీరమరణం" అనే మాట దగ్గర కాస్త ఆగు. సైన్యం భాషలో అమరుడు అనే అధికారిక మాట లేదు. పోరులో పోతే ఒక వర్గం, ప్రమాదంలోనో జబ్బుతోనో పోతే ఇంకొకటి. ఇంటికొచ్చే డబ్బు ఆ వర్గాన్ని బట్టి ఉంటుంది. నువ్వు ఆవేశంగా "శత్రువు తూటాలకు" అని రాసి, అది లోయలో బండి పడిన ప్రమాదమైతే, రేపు ఆ కాగితాల కోసం తిరిగేటప్పుడు ఆ తల్లి నీ పేపరు కటింగు చేత్తో పట్టుకుని వెళ్తుంది. కారణం పీఆర్‌వో చెప్పినంతే రాయి.

వీడియోల గురించి ఎక్కువ చెప్పను. 2025 మేలో వీడియో గేము దృశ్యాలు కూడా యుద్ధంగా తిరిగాయి, కరాచీ రేవు ధ్వంసమైపోయిందని టీవీలు ఊదరగొట్టాయి, అది అబద్ధం. కేంద్రం సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ చూడు, కానీ అదీ ప్రభుత్వం మాటేనని గుర్తుంచుకో. శత్రువు చేతికి చిక్కిన సైనికుడి ముఖం వేయొద్దు, ఎవరి సైనికుడైనా సరే. మూడో జెనీవా ఒప్పందం 13వ అధికరణం అది. 2019లో పాకిస్తాన్‌కు చిక్కిన మన పైలట్ అభినందన్ వీడియో మీద మనం అభ్యంతరం చెప్పింది కూడా ఇందుకే. టీవీకి రాసేటట్టయితే ఇంకోటి: ఉగ్రవాదుల మీద ఆపరేషన్ నడుస్తుండగా లైవ్ ఇవ్వకూడదని కేబుల్ టీవీ నిబంధన ఉంది. నిర్ణయించిన అధికారి అప్పుడప్పుడు చెప్పేదే వాడాలి. 2008 ముంబై దాడి అప్పుడు లైవ్ ఇచ్చినందుకు 2012లో సుప్రీంకోర్టు గట్టిగానే మొట్టింది.

ఇదంతా యుద్ధమొచ్చాక నేర్చుకునేది కాదు. కాకినాడ తీరంలో భారత్, అమెరికా బలగాలు కలిసి చేసే టైగర్ ట్రయంఫ్ లాంటి విన్యాసాలు జరిగినప్పుడు వెళ్లు, విశాఖలో నేవీ డే విన్యాసాలు పెట్టినప్పుడు వెళ్లు. పీఆర్‌వోకి నీ ముఖం తెలియాలి.

ఇక నీ ఫోటో. నిడదవోలు గేటు దగ్గర, టార్పాలిన్ కప్పిన మిలిటరీ బండ్లతో గూడ్సు. వెనక స్టేషను బోర్డు చక్కగా కనిపిస్తోంది, వ్యాగన్లు లెక్కపెట్టుకోవచ్చు. పైగా దాన్ని డాక్యుమెంటుగా పంపావు. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ లొకేషన్ తీసేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే తీసింది ఎక్కడో, ఎన్నింటికో అన్నీ దాంట్లోనే ఉంటాయి. నా ఫోన్లో తీసేశాను. నువ్వూ గ్యాలరీలోంచి, రీసైకిల్ బిన్‌లోంచి, ఇంకెవరికైనా పంపి ఉంటే వాళ్ల దగ్గర్నుంచీ తీయించు. ఈ రాత్రికే.

నీ
బాబాయి