కాలి ఎముకతో దవడ: సంతకం పెట్టాలా?

ప్రశ్న: మా నాన్నకు 56 ఏళ్లు. ఖైనీ అలవాటు, కింది చిగురుకు క్యాన్సర్. దవడ కోసి కాలి ఎముక పెడతామంటున్నారు. నడవగలరా? పరిశోధనలో చేరమని ఇంకో కాగితం ఇచ్చారు. భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: నడుస్తారమ్మా. ఒంటి బరువు మోసేది లోపలి పెద్ద ఎముక. తీసేది బయటివైపు సన్న ఎముక, ఫిబులా. చీలమండ పట్టు సడలకుండా కింద 6 నుంచి 8 సెంటీమీటర్లు వదిలేస్తారు. కాళ్లకు సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) తీశారా అని మాత్రం తప్పక అడగండి. కొందరిలో ఆ ఎముక వెంబడి వెళ్లే ధమనే పాదానికి ముఖ్య ఆధారం. అలాంటివారిలో దాన్ని తీస్తే పాదానికే ముప్పు.

అసలు గండం మొదటి 72 గంటలు. ఎముకతో తెచ్చిన నాళాలను మెడలోని నాళాలకు మైక్రోస్కోపు కింద కుడతారు. సిరలో రక్తం గడ్డకడితే అతికిన చర్మం నీలంగా ఉబ్బుతుంది, ధమని మూసుకుంటే పాలిపోయి చల్లబడుతుంది. ఏదైనా వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సిందే. అందుకే నర్సు గంటగంటకూ లేపినా విసుక్కోవద్దు.

ఇక సంతకం. ముంబై టాటా మెమోరియల్ 2015లో ప్రచురించిన పరిశోధనలో, తొలిదశ నోటి క్యాన్సర్‌కు మెడలోని లింఫు గ్రంథులు ముందే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు. మెడలో గడ్డ కనబడ్డాక తీసినవారిలో 67.5 శాతమే. రోగులు ఒప్పుకోబట్టే అది తేలింది. అయితే కాగితం తెలుగులో ఉండాలి, సీటీఆర్‌ఐ (దేశంలోని వైద్య పరిశోధనలు నమోదయ్యే పట్టిక) నంబరు అడగండి. ఎప్పుడు మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు.

ఇంట్లో ఎవరికైనా అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం) అలవాటుంటే వారి అంగిలి కూడా ఈ వారమే చూపించండి.