ఐస్ హాకీ గోలీ కెరీర్‌: ఆడేదానికంటే ఎదురుచూసేదే ఎక్కువ

మీరు అడిగింది ఇది: "మా అక్క కొడుక్కి 15 ఏళ్లు, కెనడాలో ఐస్ హాకీ గోలీగా ఆడుతున్నాడు. దీన్నే కెరీర్‌గా పెట్టుకుంటానంటున్నాడు. ప్రొఫెషనల్ గోలీ బతుకు నిజంగా ఎలా ఉంటుంది? ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లలేకపోతే పరిస్థితి ఏంటి?"

నేను ప్రొఫెషనల్‌ని కాదు. వారాంతాల్లో పెద్దవాళ్ల లీగ్‌లో గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా నిలబడే మామూలు ఉద్యోగిని. కాకపోతే వేసవిలో ఒక గోలీ కోచ్‌ దగ్గర ప్రాక్టీస్‌కి పక్‌లు (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లలు) కొట్టిపెడుతుంటాను. సీజన్ లేని నెలల్లో ఏహెచ్‌ఎల్, ఈసీహెచ్‌ఎల్ లాంటి కింది లీగుల గోలీలు అక్కడికి వస్తారు. వాళ్లని దగ్గర్నుంచి చూశాను, బూట్లు విప్పుకుంటూ వాళ్లు చెప్పుకునే మాటలు విన్నాను. ఆ ఎరుకతో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది ఖాళీల సంగతి. ఉత్తర అమెరికాలోని అగ్ర లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు. జట్టుకి ఇద్దరు గోలీలు. అంటే ప్రపంచం మొత్తం మీద పైస్థాయిలో ఉన్నవి దాదాపు 64 ఉద్యోగాలు. అందులో సగం బెంచీ మీద కూర్చునేవి. ముందుండి గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌కి ఈ బాధ లేదు. మ్యాచ్‌కి 12 మంది ఫార్వర్డ్‌లు దిగుతారు కాబట్టి మొదటి లైన్‌లో (ముగ్గురేసి కలిసి దిగే గుంపు) కాకపోతే నాలుగో లైన్‌లోనైనా రోజుకి పది నిమిషాలు ఆడతాడు, కోచ్ కంట్లో పడతాడు. గోలీకి నాలుగో లైన్ అంటూ లేదు. ముందున్నవాడు తప్పుకుంటేనే చోటు. ధోనీ కాలంలో పార్థివ్ పటేల్, దినేశ్ కార్తీక్ లాంటి కీపర్ల పరిస్థితి గుర్తు చేసుకోండి. ఆట రాక కాదు, చోటు లేక ఆగిపోయారు. ఇక్కడ ప్రతి జట్టులోనూ అదే కథ.

అందుకే ఈ కెరీర్‌లో ఎవరు ఎక్కడ తేలతారో ముందే చెప్పడం క్లబ్బుల వల్ల కూడా కాదు. 2000 డ్రాఫ్ట్‌లో (జట్లు కుర్రాళ్లని వరసగా ఎంచుకునే ప్రక్రియ) న్యూయార్క్ ఐలాండర్స్ అందరికంటే ముందు, నంబర్ 1గా ఎంచుకున్నది రిక్ డిపియెట్రో అనే గోలీని. 2006లో అతనికి 15 ఏళ్లకు 6.75 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. గాయాలు వరసపెట్టి వచ్చాయి. 2013లో కాంట్రాక్టు రద్దు చేసి, మిగిలిన డబ్బులో వాటాని ఏడాదికి 15 లక్షల డాలర్ల చొప్పున 2029 దాకా చెల్లించేలా ఒప్పుకున్నారు. సరిగ్గా అదే డ్రాఫ్ట్‌లో 205వ నంబర్‌లో పోయిన స్వీడన్ కుర్రాడు హెన్రిక్ లుండ్‌క్విస్ట్. అతను న్యూయార్క్ రేంజర్స్‌కి ఆడి 459 మ్యాచులు గెలిచి, 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ మాత్రం ఒక్కటీ దక్కలేదు. ఫిన్లాండ్ గోలీ పెక్కా రిన్నె 258వ నంబర్, 2018లో ఉత్తమ గోలీకిచ్చే వెజీనా ట్రోఫీ గెలిచాడు. విన్నిపెగ్ గోలీ కానర్ హెల్లెబక్ 130వ నంబర్, 2025లో లీగ్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు.

టిమ్ థామస్ సంగతైతే ఇంకా విడ్డూరం. 1994లో 217వ నంబర్‌లో డ్రాఫ్ట్ అయ్యాడు. తర్వాత కింది లీగులు, ఫిన్లాండ్, స్వీడన్ అంటూ తిరుగుతూనే ఉన్నాడు. బోస్టన్‌లో నిలదొక్కుకునేసరికి 31 ఏళ్లు దాటాయి. 2011లో స్టాన్లీ కప్ గెలిపించి ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడిగా నిలిచినప్పుడు అతని వయసు 37. మామూలు ఆటగాళ్లు అప్పటికి రిటైరై ఇంట్లో కూర్చుంటారు.

ఇంత ఆలస్యంగా ఎందుకు పండుతారు? మా సెషన్లలో చూసినదాన్ని బట్టి చెబుతాను. గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. పక్ మూడంగుళాల రబ్బరు బిళ్ల, 170 గ్రాములు ఉంటుంది. గట్టి షాట్ గంటకి 150 కిలోమీటర్లు దాటుతుంది. దగ్గర నుంచి కొడితే చూసి స్పందించే టైమ్ ఉండదు. కాబట్టి మంచి గోలీ చేసేది స్పందన కాదు, అంచనా. నేను పక్ కొట్టకముందే నా భుజం ఎటు తిరిగింది, కర్ర బ్లేడ్ ఎంత తెరుచుకుంది, బరువు ఏ కాలి మీద ఉంది అనేవి చదివేస్తారు. 18 ఏళ్ల కుర్రాళ్లు వస్తారు, కాళ్లు మెరుపులా కదులుతాయి. అదే 30 ఏళ్ల వాడు అసలు కదిలినట్టే ఉండడు, పక్ వచ్చి వాడి ఛాతీకే తగులుతుంది. మొదట్లో నేనే సరిగ్గా అటువైపు కొడుతున్నానేమో అనుకునేవాణ్ని. కాదు, వాడు ముందే అక్కడికి వెళ్లి నిలబడుతున్నాడు. ఆ చదువు వేల షాట్లు చూస్తే తప్ప రాదు. షాట్లు చూడాలంటే మ్యాచులు ఆడాలి. మ్యాచులు ఆడాలంటే చోటుండాలి. చిక్కంతా అక్కడే.

ఇక బ్యాకప్ జీవితం. టీవీలో టోపీ పెట్టుకుని బెంచీ చివర కూర్చుని, ఆటగాళ్లకి తలుపు తీసే మనిషి కనిపిస్తాడు కదా, ఆయనే. మ్యాచ్ రోజు పొద్దున ప్రాక్టీస్‌లో మొదటి గోలీ కాసేపు ఆడి లోపలికి వెళ్లిపోతాడు. ఆ రాత్రి జట్టులో లేనివాళ్లంతా మిగిలిపోయి బ్యాకప్ మీద షాట్లు కొడుతూనే ఉంటారు. అందరికంటే ఆఖరున మంచు దిగేది అతనే, రాత్రి ఆడనిది కూడా అతనే. వరసగా రెండు రోజులు మ్యాచులుంటే రెండోది అతనికి వస్తుంది, అదీ అలసిపోయిన జట్టుతో. ఆ ఒక్క మ్యాచ్‌లో నాలుగు గోల్స్ పడితే మళ్లీ ఎన్నాళ్లకో. మార్టిన్ బ్రోడర్ తరంలో మొదటి గోలీలు 82 మ్యాచుల సీజన్‌లో 70కి పైగా ఆడేసేవాళ్లు. ఇప్పుడు భారం పంచుతున్నారు, రెండోవాడికి కాస్త ఊపిరి ఆడుతోంది.

మూడో గోలీ స్థానం అంతకంటే ఇబ్బంది. అతన్ని కిందికి పంపాలంటే చాలాసార్లు వెయివర్స్ అనే దశ దాటాలి. అంటే 24 గంటల పాటు మిగతా ఏ జట్టైనా ఊరికే తీసుకుపోవచ్చు. మైక్ మెకెన్నా అనే గోలీ ఉన్నాడు. 2019 జనవరి మొదటి వారంలో ఒట్టావా అతన్ని వాంకూవర్‌కి ట్రేడ్ చేసింది. వాంకూవర్ వెయివర్స్‌లో పెట్టింది. ఫిలడెల్ఫియా తీసేసుకుంది. ఆ ఫిలడెల్ఫియా ఆ ఒక్క సీజన్‌లో 8 మంది గోలీలని వాడి లీగ్ రికార్డు పెట్టింది! మెకెన్నా 14 సీజన్ల ప్రొఫెషనల్ కెరీర్‌లో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచులు 35. అలాగని విఫలమైన గోలీ అంటే నేనొప్పుకోను. ఆ 35 కోసం ఎంతమంది జీవితాంతం చూస్తారో.

ఈ అస్థిరత సామానులోనే కనిపిస్తుంది. మా దగ్గరికొచ్చే కింది లీగుల గోలీల ప్యాడ్లు చాలావరకు తెల్లవే. స్టైల్ అనుకునేరు. కాదు, తెలుపైతే ఏ జట్టు జెర్సీకైనా నప్పుతుంది. రంగుల ప్యాడ్లు చేయించుకున్న వారానికే జట్టు మారితే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒకతని మాస్క్ మీద పాత జట్టు బొమ్మని తెల్ల టేపుతో కప్పేశారు. ఆ టేపు అంచులు చెమటకి లేచిపోతే, షాట్‌కీ షాట్‌కీ మధ్య బొటనవేలితో మళ్లీ అదుముకుంటుంటాడు. జులై 1న ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు అయిపోయినవాళ్లు కొత్త జట్టుతో ఒప్పందం చేసుకునే సమయం మొదలవుతుంది. ఆ రోజుల్లో సెషన్‌కి వస్తే నీళ్ల సీసా పక్కనే ఫోన్ ఉంటుంది. ఎవరూ దాని గురించి మాట్లాడరు. మోగితే మాత్రం డ్రిల్ మధ్యలో వదిలేసి వెళ్లినా కోచ్ ఏమీ అనడు.

సరే, చోటు దొరికాక అయినా నిశ్చింతగా ఉంటుందా అంటే, పిట్స్‌బర్గ్ కథ చూడాలి. మార్క్-ఆంద్రే ఫ్లూరీ 2003 డ్రాఫ్ట్‌లో నంబర్ 1, 2009లో కప్ గెలిపించాడు. 2016లో తలకి దెబ్బ తగిలి కూర్చుంటే మ్యాట్ మర్రీ అనే కుర్రాడు దిగి కప్ గెలిచాడు. మళ్లీ 2017లోనూ ఫైనల్ ఆడింది మర్రీయే. లీగ్‌లో కొత్తగా పెట్టిన వేగాస్ జట్టుకి ఫ్లూరీ వెళ్లాల్సొచ్చింది. చాలామంది అతని పని అయిపోయిందనుకున్నారు. వెళ్లిన మొదటి సీజన్‌లోనే వేగాస్‌ని ఫైనల్‌కి చేర్చాడు. 2025లో రిటైరయ్యేనాటికి 575 విజయాలు, చరిత్రలో బ్రోడర్ 691 తర్వాత రెండో స్థానం. చోటు లాక్కున్న మర్రీ మాత్రం గాయాలతో జట్లు మారుతూ వెనకబడ్డాడు. ఇద్దరూ తప్పు చేసిందేమీ లేదు.

అసలు ఒక గోలీకీ ఇంకో గోలీకీ మధ్య అంకెల్లో తేడా చాలా చిన్నది. నూటికి 90 షాట్లు ఆపేవాడు సగటు గోలీ, 91.5 ఆపేవాడు స్టార్. వంద షాట్లకి ఒకటిన్నర గోల్ తేడా అన్నమాట. కానీ సీజన్‌కి 1500 షాట్లు ఎదురైతే అది 22 గోల్స్ దాటుతుంది. ప్లేఆఫ్స్‌కి వెళ్లడమా మానడమా అన్నది దాంతో తేలిపోతుంది.

శరీరం గురించి మీ అక్కగారు తప్పకుండా తెలుసుకోవాలి. ఇప్పుడు అందరూ ఆడేది బటర్‌ఫ్లై పద్ధతి: మోకాళ్లు దగ్గరగా మంచు మీద ఆనించి, పాదాలు రెండువైపులా బయటికి పరవడం. 1980ల చివర్లో, 90లలో పాట్రిక్ రువా ఆటతో ఇది అంతటా పాకింది. మనిషి తుంటి ఎముక ఇలా తిరగడానికి తయారైంది కాదు. ఒక్క ప్రాక్టీస్‌లో వందల సార్లు అలా పడి లేస్తారు. తుంటి కీలు ఆపరేషన్ గోలీల మధ్య ఎంత మామూలంటే, మా వాళ్లు కళ్లజోడు నంబరు అడిగినట్టు "నీది ఒకవైపా, రెండువైపులా?" అని ఒకరినొకరు అడుగుతుంటారు. మోకాలిదీ అదే వరస. మాంట్రియల్ గోలీ కేరీ ప్రైస్ 2021లో జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఆ వేసవిలో మోకాలి ఆపరేషన్ అయింది. తర్వాత 2022 వసంతంలో ఐదు మ్యాచులు ఆడాడు, అంతే. ఏడాదికి 1.05 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఉన్నా మోకాలు వినలేదు.

మనసు సంగతి ఇంకో ఎత్తు. గోల్ పడితే వెనక ఎర్ర లైటు వెలుగుతుంది, హారన్ మోగుతుంది, ప్రేక్షకులు పేరు పెట్టి అరుస్తారు. గ్లెన్ హాల్ అనే పాతకాలపు గోలీ 1955 నుంచి 1962 దాకా వరసగా 502 మ్యాచులు ఆడాడు, మాస్క్ లేకుండా. ఆ మనిషే మ్యాచ్‌కి ముందు టెన్షన్‌తో వాంతి చేసుకునేవాడు. రాబిన్ లేనర్ 2018లో తన బైపోలార్ జబ్బు గురించి, తాగుడు గురించి బయటికే చెప్పేశాడు. ఆ సీజన్‌లో పట్టుదలకిచ్చే మాస్టర్‌టన్ ట్రోఫీ అతనికే వచ్చింది. ఇప్పుడు సహాయం అడగడం కాస్త సులువైంది, మునుపు ఇలా ఉండేది కాదు.

డబ్బు: 2025-26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు. కిందికి దిగితే లెక్క ఒక్కసారిగా మారుతుంది. టూ-వే కాంట్రాక్టు ఉన్నవాడికి పైన ఉన్న రోజు ఒక రేటు, ఏహెచ్‌ఎల్‌లో ఉన్న రోజు ఇంకో రేటు. ఈసీహెచ్‌ఎల్‌లో వారం జీతం, ఉండటానికి గది క్లబ్బే ఇస్తుంది. వేసవిలో పిల్లలకి కోచింగ్ ఇస్తే తప్ప గడవదని మా దగ్గరికొచ్చేవాళ్లే చెబుతారు.

ఎన్‌హెచ్‌ఎల్ అందకపోతే దారి మూసుకుపోదు. స్వీడన్, ఫిన్లాండ్, జర్మనీ, స్విట్జర్లాండ్ లీగుల్లో గౌరవంగా బతకొచ్చు. ఆట ఆపాక కోచింగ్ ఉంది. ఇప్పుడు ప్రతి పెద్ద జట్టుకీ గోలీ కోచ్ విడిగా ఉంటాడు, ఆ పని మాజీ గోలీలదే.

మీ మేనల్లుడికి 15 అంటున్నారు కాబట్టి అసలు చేయాల్సింది చెబుతాను. డ్రాఫ్ట్ 18 దగ్గర వస్తుంది, అక్కడ పేరు రాకపోతే ఏడవక్కర్లేదు, గోలీల విషయంలో ఆ జాబితాకి పెద్ద విలువ లేదని పైన చూశారు. జట్టు ఎంచుకునేటప్పుడు పెద్ద పేరు కంటే ఎక్కువ మ్యాచులు ఆడించే చోటు చూసుకోమనండి. తుంటి, గజ్జల్లో నొప్పి అంటే "ఆటలో మామూలే" అని వదిలేయకుండా ఫిజియోకి చూపించండి. చదువు మాత్రం ఆపనివ్వద్దు. ఇదివరకు కెనడా మేజర్ జూనియర్‌లో (కుర్రాళ్ల అగ్రస్థాయి లీగులు) ఒక్క మ్యాచ్ ఆడినా అమెరికా కాలేజీ హాకీకి తలుపులు మూసుకునేవి, 16 ఏళ్లకే ఏదో ఒకటి తేల్చుకోవాల్సొచ్చేది. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధన తీసేశారు. జూనియర్‌లో ఆడి, ఆ తర్వాత కాలేజీలో చేరి 23, 24 ఏళ్లదాకా ఆడుకోవచ్చు. గోలీ పండటం మొదలయ్యేది కూడా సుమారు ఆ వయసులోనే కాబట్టి, మా కోచ్ అయితే ఈ దారే మేలంటున్నాడు, నేనూ అదే అంటాను. వాడు ఏ స్థాయి లీగ్‌లో ఆడుతున్నాడో, సీజన్‌కి ఎన్ని మ్యాచులు దొరుకుతున్నాయో కింద రాస్తే ఇంకొంచెం వివరంగా చెప్పగలను.