కణితికి రక్తనాళాలు ఎలా పుడతాయి?

ప్రశ్న: మా అక్క కొడుకుకు మోకాలి దగ్గర ఎముకలో ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఉందని తేలింది. కణితి తనకు కావలసిన రక్తనాళాలను తానే పెంచుకుంటుందని డాక్టరు గారు చెప్పారు. అదెలా సాధ్యం? దాన్ని ఆపే మందులున్నాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలని అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. లోపలి కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు వాటిలో హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ విచ్ఛిన్నం కాకుండా నిలిచి, వీఈజీఎఫ్ అనే మరో ప్రోటీన్ తయారీని పెంచుతుంది. అది బయటికి వచ్చి, సమీపంలోని రక్తనాళాల లోపొర కణాలపై సంకేతాలను అందుకునే గ్రాహకాలకు అంటుకున్నప్పుడు, ఆ కణాలు విభజన చెందుతూ కణితి వైపు కొత్త కొమ్మలు వేస్తాయి. ఇలా ఏర్పడిన నాళాల గోడలు వదులుగా ఉంటాయి కాబట్టి, చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైముల సాయంతో క్యాన్సర్ కణాలు వాటిలోకి చొరబడి, ఈ జబ్బులో ఎక్కువగా ఊపిరితిత్తులకు చేరతాయి. ఛాతీకి సీటీ స్కాన్ తీయించమనేది అందుకే.

వీఈజీఎఫ్ గ్రాహకాలను అడ్డుకునే రెగోరాఫెనిబ్, కాబోజాంటినిబ్ వంటి మాత్రలను జబ్బు తిరగబెట్టినవారికి ఇస్తున్నారు. అవి కొందరిలో పెరుగుదలను కొంతకాలం నిలువరిస్తాయి. మొదటి చికిత్స మాత్రం కీమోథెరపీ, శస్త్రచికిత్సలే. వాటిని మధ్యలో ఆపి ఈ మాత్రల వెంట వెళ్లవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. పైగా ఇవి గాయం మానడాన్ని ఆలస్యం చేయగలవు కనుక, ఎప్పుడైనా వీటిని వాడవలసి వస్తే ఆపరేషన్ తేదీ గురించి డాక్టరు గారితో ముందే మాట్లాడండి.