తుపాను పేజీ తీసెయ్

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వాతావరణ శాస్త్రంలో చదువులు, ఉద్యోగాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. చెయ్యి తిరిగిందే. కానీ మొదటి పేజీ అంతా 1996 నవంబరు 6 తుపానే. ఆ రాత్రి సంగతి మన కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. కొబ్బరితోటలు ఎలా పడిపోయాయో ఎంత బాగా రాసినా, ఇంటర్ పిల్లకి ఏ డిగ్రీలో చేరాలో అందులో దొరకదు. ఆ పేజీ తీసెయ్.

ఏ తుపానూ లేని రోజున ఈ మనుషులు ఏం చేస్తుంటారో రాయి. పొద్దున్న 8:30 అయ్యేసరికి వర్షమాపకం దగ్గరికి వెళ్లి గడిచిన 24 గంటల వాన కొలిచేవాళ్లున్నారు. తెల్లవారుజామున 5:30 పరిశీలన కోసం విశాఖలో, మచిలీపట్నంలో బెలూను వదిలేవాళ్లున్నారు. దానికి వేలాడే చిన్న పరికరం పైకి పోతూ వేడి, తేమ, పీడనం రేడియోలో కిందికి చెబుతూ ఉంటుంది. దేశదేశాల్లో ఇదే వేళకి ఇదే పని. ఆ లెక్కలన్నీ సూపర్ కంప్యూటర్లకి చేరితేనే రేపటి అంచనా. ఈ ఉద్యోగమంటే టీవీలో మ్యాపు ముందు నిలబడటమే అనుకునే పిల్లలకి ఇదంతా కొత్త.

అంకె వాడితే దాన్ని పొలం దాకా తీసుకెళ్లు. ‘భారీ వర్షం’ అని రాసి వదిలేశావు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ వాడే మాట అది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,047 లీటర్లు. అంటే భారీ వర్షం రోజున ఎకరానికి 2.6 లక్షల లీటర్లు దిగుతాయి. అప్పుడే సముద్రం పోటు మీదుంటే మురుగు కాలువ నీళ్లు దిగవు, చేలోనే నిలుస్తాయి. సార్వా కోసి పనలు చేలో పరిచి ఉన్న నవంబరులో ఈ లెక్క ఎంత అవసరమో మీ నాన్నకి తెలుసు. పాఠకుడికి నువ్వు చెప్పాలి.

సంస్థల పేర్లతో నింపిన పేజీన్నర మాత్రం నాకు నచ్చలేదు. డైరెక్టరీ చదివినట్టుంది. డిగ్రీలో భౌతికశాస్త్రం, గణితం ఉంటే దారి సుగమమవుతుందని చెప్పు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాతావరణ, సముద్ర అధ్యయన శాఖ ఉంది. పరిశోధన అంటే పుణేలో ఉష్ణమండల వాతావరణ సంస్థ ఐఐటీఎం, సముద్రం మీద మక్కువైతే హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, రాడార్లంటే తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న వాతావరణ పరిశోధనశాల. చాలు. అర్హతలు మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్ చూసే రాయి, పాతవి రాస్తే ఎవరో ఒకరు దరఖాస్తు పోగొట్టుకుంటారు.

పి. కోటేశ్వరం గారి పేరు లేకపోవడం నాకు కష్టం కలిగించింది. రుతుపవనాల కాలంలో మన నెత్తిమీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకి దూసుకుపోయే జెట్ గాలి గురించి ప్రపంచానికి చెప్పినవాడు, తర్వాత వాతావరణ శాఖకి అధిపతి అయినవాడు తెలుగువాడని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇంకో మాట. ఈ రంగమంటే ఆకాశం ఒక్కటే కాదు. ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి మన డెల్టా అంచు కోతకి గురవుతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు పరిశోధించారు. మన మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరికి ముంపు తట్టుకునే జన్యువు కలిపిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. అది సుమారు రెండు వారాలు నీట మునిగినా బతుకుతుంది. జీవశాస్త్రం చదివినవాళ్లకీ ఇక్కడ పని ఉందని ఇలాంటి ఒక్క ఉదాహరణతో తేలిపోతుంది.

కోతలు మొదలయ్యాక మీ ఊళ్లో నాలుగిళ్లు తిరుగు. వాన కబురు ఫోనుకి వచ్చిందా అని అడిగి ఊరుకోకు. వచ్చాక ఏం చేశారని అడుగు. కోత ఆపారా, మిషను దొరికిందా, కూలి ఎంత పెరిగింది, బరకాలు ఎక్కడ తెచ్చారు? వాళ్ల జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకో. వ్యాసానికి మొదటి పేజీ అక్కడ దొరుకుతుంది. సంక్రాంతికి ఊళ్లోనే ఉంటాను, రాసినంతవరకు పట్టుకురా.

మీ పెదనాన్న